వదిన ఎముకలు

2003 ఫిబ్రవరి 12

వదిన స్కాన్ రిపోర్టు వచ్చింది. నడుము, తొడ — రెండు చోట్లా గుల్ల. డాక్టరు ఆ మాట అనలేదు, ఇంగ్లీషులో ఇంకేదో మెత్తగా అన్నాడు. నేనే తెలుగు చేసి చెప్పినాను. "గుల్లబారినాయంట వదినా నీ ఎముకలు." యలహంకలో ఇల్లు వచ్చేదాకా ఆటోలో ఆమె నోరు తెరవలేదు. కట్టు విప్పిన మణికట్టును ఇంకో చేత్తో పట్టుకొని కూర్చున్నది.

నాకు సంతోషమైంది. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడ రాసేది.

ఫిబ్రవరి 13

వదిన కొడుకు మురళి వచ్చినాడు. కాపురం పీణ్యలో, ఫ్యాక్టరీకి దగ్గరగా. తల్లిని చూసేదానికి వారానికి రెండుసార్లు వస్తాడు. డాక్టరు చెప్పిందంతా మళ్ళీ చెప్పినాను. బాత్రూంలో జారి మణికట్టు విరిగింది, ఈసారి పడితే తుంటి. మాత్రలు, ఎండ, పాలు, రాగిముద్ద — అన్నీ మంచివే, చాలవు. పొద్దున నడిచేదీ చాలదు. బరువు ఎత్తాల. కండ గుంజితే ఎముక మీద పడే బలానికే ఎముక గట్టిపడతాదంట.

"అరవై ఆరేండ్లకా?"

"ఈ వయసులోనే మరీ కావాలన్నాడు."

"అయితే నువ్వే నేర్పాల అత్తా. ముప్పై ఏండ్లు డ్రిల్ టీచరుగా చేసినావు. ఇంట్లో నిన్ను పెట్టుకొని బయట ఎవర్ని వెతుకుదాం?"

వంటింట్లో గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు. విన్నది.

ఫిబ్రవరి 14

డాక్టరు రాసిచ్చిన చీటీ వదినకు చదివి వినిపించినాను. ఆమెకు తెలుగు, కన్నడ వస్తాయి, ఇంగ్లీషు రాదు. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం... గోడను తోయడం... చిన్న బరువులు పట్టుకొని పైకెత్తడం... అడుగున ఇంకో వాక్యం ఉండాది. నడుము ముందుకు వంచకూడదు, వంగి బరువు ఎత్తకూడదు అని. కింద గీత కూడా గీసినాడు.

అది చదవలేదు.

పాలు పొంగుతా ఉంటే లేచిపోయినాను. మళ్ళీ వచ్చి చీటీని ఫైల్లో పెట్టేసినాను. అంతే.

ఫిబ్రవరి 17

మేడ మీద, పొద్దున ఆరున్నర. రిటైరైనప్పటి నుంచి ఆరుమంది ఆడవాళ్ళు వ్యాయామానికి వస్తా ఉండారు. ఈ పొద్దు వదినతో ఏడుగురు. అందరినీ పేరుపెట్టి పిలుస్తా కదా — ఆమెనూ పేరుపెట్టే పిలిచినాను. "కమలమ్మా, మోచేయి పైకి." నలభై ఏండ్లలో మొదటిసారి. తల తిప్పి చూసింది. మోచేయి పైకెత్తింది.

నోట్లో కలకండ వేసుకున్నట్లుండాది ఆ పేరు.

ఫిబ్రవరి 22

బరువులకని ఇసుక నింపిన నీళ్ళ సీసాలు చూసి మురళి నవ్వినాడు. ఫ్యాక్టరీలో ఇనుప కడ్డీలు కోసి, పట్టుకునే చోట లేతు మిషను మీద సన్నగా తిప్పి తెచ్చినాడు. అరకేజీవి, కేజీవి, రెండు కేజీలవి, ఒక్కొక్కటి జత. ఇంకా నూనె వాసన వస్తా ఉండాయి. ఇనుము చల్లదనం అరచేతికి తగిలితే... వద్దు.

గుండు గుర్తొచ్చింది. షాట్‌పుట్. కాలేజీలో నాలుగు కప్పులు గెలిచినాను. నేను డ్రిల్ ట్రైనింగుకు మద్రాసు పోయిన ఏడాది వదిన ఆ నాలుగూ స్టీలు సామాన్లు అమ్మే ఆమెకు ఇచ్చి బకెట్టు తీసుకున్నది. "నల్లబడినాయి కదా రాజీ, సుమ్నె, ఊరికే జాగా తింటా ఉండాయి." అప్పటికి అన్న బతికే ఉండాడు; పేపరు మడిచి పక్కన పెట్టినాడు, ఏమీ అనలేదు. ఆ బకెట్టు నీళ్ళతోనే ఇరవై ఏండ్లు స్నానం చేసినాను.

మార్చి 3

అందరి పనీ అయినాక వదినను ఒక్కదాన్నే ముందుకు పిలుస్తా. చేతులు వణుకుతాయి. పై పెదవి మీద చెమట. "ఇంకా రెండు, కమలమ్మా." రెండయినాక — "ఇంకా రెండు." మిగతావాళ్ళు చాపలు చుట్టుకుంటా చూస్తారు. చాలు అని ఒక్కసారి అంటే ఆపుదును.

అనదు.

మార్చి 16

"కుక్కరు ఒంటి చేత్తో దించినాను రాజీ. చేయి తేలికైనట్లుండాది." పక్కింటామెకూ చెప్పుకున్నది. కుర్చీలో నుంచి ఊపు లేకుండానే లేస్తా ఉండాది. నెల కాలేదు.

నేర్పింది నేనే. అయినా కోపమొచ్చింది.

మార్చి 21

ఈ పొద్దు జరిగింది రాయాల.

క్లాసు మొదలుపెట్టేముందు ఆడవాళ్ళు ఇనుప కడ్డీలు చేతిలో పట్టుకొని చూస్తా ఉండారు. రాజీ మేడమ్ ఎంత ఎత్తేది వయసులో అని ఎవరో అడిగినారు. నేను చెప్పేలోగా వదిన — "మా రాజి గుండ్లు విసిరేది కదా. ఆ భుజాలు చూసే ఒక్కడూ దగ్గరికి రాలేదు." నవ్వినారు. ఆరుమందీ. ఆమె నవ్వులో విషం లేదు, అదే నా కడుపు మండించింది. ఊరికే, ఏమీ కానట్లు చెప్పింది.

"కమలమ్మా, రెండు కేజీలవి తీసుకో. కాళ్ళు దూరం. వంగి కడ్డీలను పాదాల దగ్గరికి దించి లేవాల. పది."

గీత గీసిన వాక్యం నాకు గుర్తుండాది. గుర్తుండే చెప్పినాను.

వంగింది. లేచింది. నేను లెక్కపెట్టినాను. ఆరోసారి వంగి లేవలేదు. అరవలేదు కూడా. "అప్పా..." అన్నది, లోపలికి పీల్చుకున్నట్లు. కడ్డీ జారి మేడ మీద దొర్లింది. ఆమె అట్లే, సగం వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద. ముఖం తెల్లగా. నేను పట్టుకోబోతే అందరికంటే ముందు ఆమె కండ్లు నా మీదికే వచ్చినాయి.

మార్చి 23

ఎక్స్‌రే. వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగింది. కొబ్బరి ముక్క మాదిరి, ముందు సన్నగా, వెనక మందంగా. ఆపరేషన్ లేదు. బెల్టు, నొప్పి మాత్రలు, కొన్నాళ్ళు మంచం, తర్వాత మెల్లగా లేపాలన్నాడు డాక్టరు.

ఏం చేస్తా ఉంటే అయింది అని అడిగినాడు. "వ్యాయామం" అన్నాను. ఆయనకు బయట ఇంకా ముప్పైమంది ఉండారు. రాసుకొని పంపించినాడు.

మార్చి 25

మురళి కడ్డీలన్నీ గోనెసంచిలో వేసినాడు. "నేనే తెచ్చి ఇచ్చినాను అత్తా. నా చేత్తో చేసి తెచ్చి అమ్మ నడుము విరగ్గొట్టినాను. అరవై ఆరేండ్ల మనిషికి ఇనుము ఎత్తమనేది ఏం వైద్యం?"

ఆ పొద్దే చెప్పుండచ్చు. ఇనుము కాదురా, వంగడం. వంగమన్నది నేను. గుమ్మం పట్టుకొని నిలబడినాను. స్కూటరు వెనక సంచి కట్టుకొని పోయినాడు.

ఏప్రిల్ 2

క్లాసుకు ఎవరూ రావడంలేదు. అడిగితే బేజారు చేసుకోవద్దు మేడమ్, మా ఇంట్లో వద్దంటా ఉండారు అన్నారు.

ఏప్రిల్ 19

వదినకు ఒళ్ళు తుడుస్తా ఉండాను రోజూ. పిక్కలు సంచుల మాదిరి వేలాడతా ఉండాయి. నాలుగు వారాలకే. మంచంలో పడుకొని ఉంటే కండ ఇంత తొందరగా పోతాదా. కండ పోతే ఎముకకు గుంజేది ఎవరు — ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పిన దాన్ని, నాకు తెలీనిదా.

"నీ చేతులు గట్టివి రాజీ" అన్నది కండ్లు మూసుకొని. మంచి మాటో కాదో తెలీలేదు.

మే 11

డాక్టరు కోప్పడినాడు. ఇన్ని రోజులు పడుకోబెడితే ఉన్న ఎముక కూడా కరిగిపోతాది, మళ్ళీ వ్యాయామం మొదలుపెట్టండి, ఫిజియోథెరపీ ఆమెను పంపిస్తా అన్నాడు. మురళి బయటికొచ్చి — "ఇంకొకసారి ఆ మాట ఎత్తద్దు అత్తా." నేను ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు సులువుగా ఉండాది, అది కూడా రాసుకోవాల.

జూన్ 8

కమోడు మీద నుంచి లేవలేకపోయింది. చంకల కింద చేతులు పెట్టి లేపినాను. నా భుజం మీద తల ఆనించి నిలబడింది కొంచేపు. నా గడ్డం దాకా వచ్చేది, ఇప్పుడు మెడ దగ్గర ఆగిపోయింది. జాకెట్టు ముందు కిందికి, వెనక పైకి. "ఎంత పొట్టి అయిపోయినాను చూడు" అని నవ్వబోయి, నొప్పికి ఆపింది.

మురళికి ఫోన్ చేసినాను. ఫిజియోథెరపీ ఆమెను రానీ అని చెప్పినాను. అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

జూన్ 15

గ్రేస్ అని పేరు. ఒంగోలు అమ్మాయి, ముప్పై లోపే. మెడలో సన్న గొలుసు, శిలువ. ఆసుపత్రిలో డ్యూటీ అయినాక సాయంత్రం వచ్చింది. మురళి కూడా ఉన్నాడు, చేతులు కట్టుకొని, ఒక్క తప్పు మాట పడితే పంపించేద్దామని.

ఫైలు మొత్తం తిప్పింది. చీటీ దగ్గర ఆగింది.

"ఇంతకుముందు వ్యాయామం ఎవరు చేయించారండీ?"

"మా అత్త" అన్నాడు మురళి.

"ముందుకు వంగకూడదని డాక్టరుగారు గీత గీసి మరీ రాశారు. ఎముక గుల్లబారినవాళ్ళు బరువుతో వంగితే పూస నలిగిపోతుంది. ఇది ఎవరూ చూడలేదా?"

మురళి నావైపు తిరిగినాడు. నేను ఫైలు వైపు చూసినాను.

మంచం మీద నుంచి వదిన — "రాజి చదివి చెప్పింది. నేనే వినలేదప్పా. మీదికీ కిందికీ చేస్తే తొందరగా బలమొస్తాదని నా అంతట నేనే వంగినాను. అది వద్దు వద్దు అంటానే ఉండాది."

మురళి ఊపిరి వదిలినాడు. "ఏందమ్మా నువ్వు."

గ్రేస్ నన్ను చూసింది. ఇంకొంచెం సేపు చూసింది. ఫైలు మూసేసింది.

జూన్ 16

పొద్దున. ఇంట్లో ఇద్దరమే. "నీళ్ళు ఇయ్యి రాజీ." ఇచ్చినాను. తాగి గ్లాసు నా చేతికి ఇయ్యకుండా పట్టుకున్నది.

"చీటీ చదివేటప్పుడు అడుగున నీ వేలు ఆగింది. నేను చూసినాను. నాకు ఇంగ్లీషు రాదు, కండ్లుండాయి."

"తెలిసీ ఎందుకు వంగినావు?"

"ఏదో దాచినావని తెలుసు. ఏంటో తెలీదు." గ్లాసు ఇచ్చింది. "నువ్వు అంత దూరం పోతావనుకోలేదు."

మురళికి ఎందుకు అబద్ధం చెప్పినావు అని అడిగినాను. పక్కకు తిరిగి పడుకున్నది.

జూన్ 21

గోనెసంచి ఫ్యాక్టరీలో ఒక మూల అట్లే ఉండాదంట. మురళి తిరిగి తెచ్చినాడు. గ్రేస్ వాడికి కుర్చీ వేసి అరగంట చెప్పింది — తప్పు ఇనుముది కాదు, వంగడానిది. ఎత్తకుండా ఉంటేనే ప్రమాదం ఎక్కువ. అరకేజీవి మాత్రం బయట పెట్టి మిగతావి మంచం కిందికి తోసింది. "వాటిని చూస్తూ ఉండండి అమ్మగారూ. ఒక్కొక్కటి మీ దగ్గరికొస్తాయి."

జూలై 6

గ్రేస్ పద్ధతి వేరే. ముందు వారమంతా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడమే. తర్వాత గోడకు ఆని భుజాలు వెనక్కు లాగడం. ఎత్తు కుర్చీలో నుంచి లేవడం, అది సులువైతే ఒక దిండు తీసేయడం. కిందనుంచి ఏదైనా తీయాలంటే నడుము కాదు, తుంటి, మోకాళ్ళు. "నొప్పి రాకూడదు. కష్టం మాత్రం ఉండాలి. సులువుగా ఉంటే ఎముకకు తెలియదు మనం అడుగుతున్నామని."

నేను ఈ మాట మా స్కూల్లో ఒక్క పిల్లకైనా చెప్పినానా. విజిల్ ఊదినాను.

జూలై 20

చుట్టాలొచ్చినారు. "మా రాజి లేకపోతే నేను ఏమైపోయేదాన్నో" అన్నది వాళ్ళతో. అంటా నన్నే చూస్తా ఉండాది. కాఫీ గ్లాసులు తీసుకొని వంటింట్లోకి పోయినాను.

ఆగస్టు 9

పిలుపులు. తల దువ్వు. కాలు సరిగ్గా పెట్టు. ఈ చారు వద్దు, ఇంకోటి చెయ్యి. గట్టిగా అరవదు, మెల్లగానే చెప్తాది. అడిగినదల్లా చేస్తా ఉండాను. ఒకసారి పిలిచి ఏమీ అడగలేదు. వచ్చినానా లేదా చూసుకున్నది, అంతే.

సెప్టెంబరు 14

గ్రేస్ నన్ను కూడా చేయమన్నది. చేతులు ఆనించకుండా కుర్చీలో నుంచి పదిసార్లు లేవాల. ఏడుకే తొడలు మండినాయి. "ఇంకా మూడు, రాజేశ్వరీ" అన్నది వదిన మంచం మీద నుంచి.

చేసినాను.

నవంబరు 2

కేజీది ఎత్తింది. రెండు చేతులతో, భుజాల పైకి, వెన్ను గోడకు ఆనించి. ఎనిమిది. ఎనిమిదోది దించేటప్పుడు ముఖంలో ఒక గర్వం... ఆ గర్వం నాకు తెలుసు. నేను ఆ ముఖంతోనే ఫొటో దిగినాను, కప్పు పట్టుకొని. అసూయ పడినాను. ఎవరి మీద — అరవై ఆరేండ్ల, నడుము వంగిన మనిషి మీద.

2004 జనవరి 18

బాత్రూంలో కాలు జారింది. పడలేదు. తలుపు పట్టుకొని తట్టుకున్నది. నేను పరిగెత్తేసరికి నిలబడే ఉండాది. "పోయిన ఏడాది అయితే పడుందును" అని మాత్రం అన్నది.

మార్చి 20

రెండో స్కాన్. ఎముక గట్టిదనం ఇంకా తగ్గలేదు. తొడ ఎముకలో అయితే పిసరంత పెరిగింది కూడా. ఈ వయసులో తగ్గకపోవడమే గెలుపు అన్నాడు డాక్టరు, మాత్రలు, వ్యాయామం రెండూ కలిసి చేసిన పని అన్నాడు. నలిగిన పూస మాత్రం మళ్ళీ లేవదు. ఆ వంపు ఎప్పటికీ ఉంటాది.

ఆ వంపు నేను చేసింది. రోజూ నా ముందర నడుస్తాది.

మార్చి 28

మురళి భార్యను, పిల్లలను తీసుకొచ్చినాడు. భోజనాలయినాక అందరి ముందరా — "అమ్మ లేచి తిరుగుతా ఉండాదంటే అదంతా అత్త చలవే. ఒళ్ళు తుడిచింది, ఎత్తింది, దించింది. కన్నకూతురుంటే కూడా ఇంత చెయ్యదు." అరటాకు మడుస్తా ఉండాడు. వదిన వక్క నములుతా నావైపు చూసింది. నవ్వలేదు, కోపంగానూ లేదు. చూసింది.

చెప్పేసినాను. చీటీ, గీత గీసిన వాక్యం, రెండు కేజీలవి, పది. గుర్తుండే చెప్పినానని కూడా.

మురళి భార్య పిల్లలను మేడ మీదికి తీసుకుపోయింది. వాడు చాలాసేపు చేయి కడుక్కోలేదు. "అమ్మా, నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే దీన్ని పంపించేస్తావు. నా కండ్ల ముందర ఉండాల."

ఆ మాట ఆమె ఎట్లన్నదో — ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తెలియడంలేదు.

మార్చి 29

మురళి ఫోన్. మా వాడు పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అంటాడు. "ఇల్లు నాన్నది. మిమ్మల్ని పొమ్మనను. ఏం చేస్తారో మీరే ఆలోచించుకోండి."

మీరు.

ఏప్రిల్ 1

మల్లేశ్వరంలో నాతో పనిచేసిన లెక్కల టీచరు ఒంటరిగా ఉండాది. ఒక గది ఖాళీ, ఎప్పుడైనా రావచ్చు అన్నది. పెట్టె దించినాను. చీరలు సగం సర్దినాను. వదినకు అన్నం పెట్టేటప్పుడు చెప్పినాను. "పెరుగు ఇంకొంచెం" అన్నది.

ఏప్రిల్ 3

గ్రేస్ వచ్చింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటా నాతో — "నాకు మొదటిరోజే తెలుసు ఆంటీ. మీ ముఖంలో కనపడింది. అమ్మగారు అట్లా చెప్పారు కాబట్టి ఊరుకున్నాను." మరి ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పమ్మా అని అడిగినాను. "అది నా పని కాదండీ." మెత్తగానే అన్నది.

ఏప్రిల్ 5

పొద్దున ఏడు. పెట్టె ముందర కూర్చొని ఉండాను. మెట్ల మీద అడుగులు. పనమ్మాయి కాదు. ఒక అడుగు, ఆగి, ఇంకొకటి. నా గది మేడ మీద, ఏడాదిగా ఆమె ఈ మెట్లు ఎక్కలేదు. లేచి ఎదురు పోదామనుకున్నాను. పోలేదు.

గుమ్మంలో నిలబడింది. వంగిన వీపు, పైకెత్తిన తల. ఆయాసపడలేదు. పెట్టె చూసింది, చీరలు చూసింది.

"రేపట్నుంచి రెండు కేజీలవి ఎత్తచ్చునంట. గ్రేస్ చెప్పింది."

చేతిలో చీర మడత పెట్టినాను.

"పక్కన ఎవరో ఒకరు ఉండాలంట. నువ్వు ఉంటే ఉండు. పోతే పనమ్మాయిని పిలుచుకుంటా."

"వదినా, నన్ను క్షమించినావా?"

కొంచెంసేపు ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది. "లేదు" అన్నది.

తిరిగింది. గోడ పట్టుకోకుండా దిగుతా ఉండాది. ఒక్కొక్క మెట్టూ వింటా ఉండాను. కింద ఫ్యాను వేసుకున్న చప్పుడు.

ఎనిమిదిన్నర అయింది. పెట్టె తెరిచే ఉండాది. ఆటో పిలవలేదు...